ఇంటి గదిలోనే పాట: బాణీ కట్టడం నుంచి మిక్సింగ్ దాకా

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో తెలుగు కుటుంబాలకు పాటల కొరత లేదు. భజన మండలిలో హార్మోనియం ఉంటుంది, వీధిలో డప్పు వాయించేవారు ఉంటారు, పెళ్లి పాటలు నోటికి వచ్చిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు ఉంటారు. లేనిది స్టూడియో. విశాఖపట్నం వెళ్లాలి, లేదా భువనేశ్వర్ వెళ్లాలి. గంటల లెక్కన అద్దె కట్టి, గడియారం చూసుకుంటూ పాడితే పాటలో ఆ కంగారు వినిపిస్తుంది. ఇంట్లో ఒక గది, ఓ మోస్తరు ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు ఉంటే ఈ పనంతా ఇక్కడే పూర్తి చేయవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మన పాట సాహిత్యం మీద నిలుస్తుంది. మాట వినబడకపోతే ఎంత గొప్ప వాద్యం ఉన్నా శ్రోత ముప్పై సెకన్లలో వేరే పాటకు వెళ్లిపోతాడు. కాబట్టి గది ఎంపిక నుంచి చివరి ఫైలు దాకా ప్రతి నిర్ణయాన్నీ ‘దీనివల్ల మాట ఇంకా బాగా వినిపిస్తుందా?’ అన్న ఒక్క ప్రశ్నతోనే తేల్చుకోమంటాను.

1. ముందు గది, తర్వాత మైకు

కొత్తవాళ్లు చాలామంది డబ్బంతా మైకు మీద పెడతారు. మంచి మైకు చెడ్డ గదిని కూడా అంతే నిజాయితీగా రికార్డు చేస్తుంది. కాబట్టి మొదట గదుల్లో చప్పట్లు కొట్టి చూడండి. ‘టంగ్’ అని తిరిగి మోగే గదిని వదిలేయండి. మంచం, పరుపు, బట్టలు, పుస్తకాలు నిండిన పడకగదే సాధారణంగా ఇంట్లో అన్నిటికన్నా మేలు.

చదరపు గది వీలైతే వద్దు. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఆ గదిలో ఉబ్బి వినిపించే మొదటి కింది స్థాయి పౌనఃపున్యం వస్తుంది. 10 అడుగుల గదికి అది దాదాపు 56 హెర్ట్జ్. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగులే అయితే మూడు దిక్కులా అదే 56 దగ్గర పోగై, మృదంగం ఎడమ వైపు మోత గదంతా గుబగుబలాడుతుంది. మూడు కొలతలూ వేరువేరుగా ఉన్న గదిలో ఆ భారం చెదిరిపోతుంది.

గోడలకు గుడ్ల అట్టలు అతికించే అలవాటు ఇంకా పోలేదు. అవి పై స్థాయి శబ్దాలను కాస్త చెదరగొడతాయి, కింది మోతను తాకను కూడా తాకవు. అవి కొనే బదులు ఇంట్లో ఉన్న దూది బొంతలు తీయండి. గాయకుడి వెనక, రెండు పక్కలా తాడు కట్టి, గోడకు అరచేయంత ఎడం ఉంచి వేలాడదీయండి. వెనకే ఎందుకంటే, మైకు చూసేది గాయకుడి వైపు కాబట్టి అతని వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దానిలో ఎక్కువగా పడుతుంది. చీరలు నిండిన బీరువా ఉంటే తలుపులు తెరిచి ఉంచండి, అది కూడా పని చేస్తుంది. కింద దుప్పటి పరవండి.

ఇక బయటి రొద. నిశ్శబ్దంగా ఉందనుకున్న గదిలో ఒక నిమిషం ఊరికే రికార్డు చేసి, శబ్దం బాగా పెంచి వినండి. ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టర్, పక్కింటి మోటారు అన్నీ అక్కడ దొరుకుతాయి. రేకుల కప్పు ఇంట్లో వాన పడుతుంటే రికార్డింగ్ ఊసే ఎత్తవద్దు. వేసవిలో ఫ్యాను ఆపితే గది పొయ్యిలా ఉంటుంది కాబట్టి గొంతు పనులు తెల్లవారుజామునే పెట్టుకోవాలి. గుడి మైకు మొదలయ్యే వేళ, రైలు వచ్చే వేళ మీ ఊరివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే రెండు లాభాలు: కరెంటు పోయినా పాట ఆగదు, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే చప్పుడు చాలావరకు తగ్గుతుంది. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి.

2. ఏం కొనాలి, ఏ వరుసలో

మొదట ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు నుంచి వచ్చే సంకేతాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న పెట్టె ఇది. రెండు మైకులు పట్టేది తీసుకోండి, ఒక్కటి పట్టేది కొంటే తొందర్లోనే చాలదు.

మైకు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గదికి బొంతలు కట్టే ఓపిక లేకపోతే డైనమిక్ మైకే కొనండి. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఇప్పటికీ అమ్ముడవుతోందంటే కారణం ఉంది: దగ్గరి గొంతును పట్టుకుంటుంది, దూరపు రొదను పెద్దగా పట్టించుకోదు, కింద పడినా బతుకుతుంది, డప్పు ముందు పెట్టినా తట్టుకుంటుంది. కండెన్సర్ మైకులో గొంతులోని సన్నని వివరాలు ఎక్కువగా వస్తాయి, కానీ గది కూడా అంతే వివరంగా వస్తుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగ గుండానే వచ్చే కరెంటు) కావాలి. వానాకాలపు తేమ దానికి పడదు. పని అయ్యాక సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టండి.

చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఒక జత, బరువైన స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ), మంచి కేబుల్ ఉంటే ప్రారంభానికి చాలు. మానిటర్ స్పీకర్లు రెండో విడతలో చూసుకోవచ్చు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గురించి వాదనలు అనవసరం. రీపర్ పాత ల్యాప్‌టాప్‌లో కూడా తేలికగా నడుస్తుంది, 60 రోజులు వాడి చూసి తర్వాత లైసెన్సు కొనవచ్చు. మ్యాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్ ఉచితం. లినక్స్ వాడేవారికి ఆర్డర్ (Ardour) ఉంది. కంప్యూటరే లేకపోతే ఫోనులో బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టండి. ఆడాసిటీ కత్తిరించి అతికించడానికి బాగుంటుంది, కానీ బాణీ కడుతూ పొరలు పేర్చే పనికి ఇబ్బంది పెడుతుంది.

3. బాణీ: శ్రుతి, తాళం, గురులఘువులు

శ్రుతిని పల్లవి పాడి నిర్ణయించకండి. పల్లవి అందరికీ హాయిగానే ఉంటుంది. చరణంలో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడుందో చూసి, అక్కడ గొంతు అరుపుగా మారకుండా, కింది స్వరం దగ్గర గాలిగా మిగలకుండా ఉండే చోటు పట్టుకోండి. హార్మోనియం వాయించేవారు చెప్పే ఒకటి శ్రుతి సాఫ్ట్‌వేర్‌లో సి, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జీ షార్ప్. మగవారి గొంతులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవారివి నాలుగున్నర నుంచి ఆరు మధ్య కుదురుతాయి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే, నియమం కాదు.

హార్మోనియం విషయంలో జాగ్రత్త. భజన మండలి పాత పెట్టెలు ‘ఎ’ స్వరానికి 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి కచ్చితంగా ఉండవు. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. 15 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ చూపిస్తే హార్మోనియాన్ని కదిలించే ఆలోచన మానేసి, సాఫ్ట్‌వేర్‌లోని వాద్యాల ఆధార స్వరాన్ని 440 నుంచి 444కు జరపండి. తంబురా యాప్‌ను కూడా అలాగే జరపాలి. ఈ పని రికార్డింగ్ కంటే ముందే జరగాలి.

తాళానికి వస్తే, మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ మోగే లయ సాధనం) పెట్టి దాని వెంట పాడమనడం తలకిందుల పద్ధతి. గాయకుడిని చేత్తో తాళం వేస్తూ పూర్తి పాట పాడమనండి, ఫోనులో రికార్డు చేయండి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో టాప్ టెంపో (లయకు తగ్గట్టు నొక్కితే వేగం చూపే మీట) నొక్కుతూ ఆ వేగం నిమిషానికి ఎన్ని దెబ్బలో తెలుసుకోండి. మన వైపు పెళ్లి పాటలు, పొలం పాటలు చాలావరకు తిశ్ర నడకలో (దెబ్బకు మూడు అక్షరాలు) ఉంటాయి. ప్రాజెక్టును 6/8గా పెట్టండి. 4/4లో వదిలేస్తే గీతలు ఒకచోట, పాట మరోచోట ఉంటాయి. మిశ్రచాపుకు 7/8, ఖండచాపుకు 5/8. చాపులో ప్రతి తాళాక్షరానికీ క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) వినిపిస్తే గాయకుడికి చిరాకు. 3+4 విరుపుల దగ్గర మాత్రమే మోగేలా ఒక చిన్న డప్పు దెబ్బను పేర్చి దాన్నే క్లిక్‌గా ఇవ్వండి.

కొత్త మాటలు రాసి బాణీ కడుతుంటే గురులఘువులు చూసుకోవాలి. దీర్ఘాక్షరాన్ని పొడవు స్వరం మీద, హ్రస్వాన్ని పొట్టి స్వరం మీద కూర్చోబెట్టండి. ‘కలం’ అనే మాటలో మొదటి అక్షరాన్ని నాలుగు మాత్రలు సాగదీస్తే విన్నవారికి ‘కాలం’ అవుతుంది, ఇక ఏ మిక్సింగూ దాన్ని సరిచేయలేదు. తప్పనిసరిగా సాగదీయాల్సి వస్తే మాటలో చివరి అక్షరాన్ని సాగదీయండి, అప్పటికి అర్థం చెవిన పడిపోయి ఉంటుంది. ఒక చరణం ఒడియాలో పెడితే ఊళ్లో వినేవారు రెట్టింపు అవుతారు. అయితే ఒడియాలో ‘అ’ను పెదవులు గుండ్రం చేసి, దాదాపు ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. ఆ చరణం రికార్డు చేసే రోజు ఒడియా మాతృభాష అయిన స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకోండి.

4. ప్రాజెక్టు సిద్ధం చేయడం

ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు), 24 బిట్ (ఒక్కో కొలత సూక్ష్మత)లో పెట్టండి. అంతకన్నా పెద్ద అంకెలు హార్డ్‌డిస్కును నింపడానికే. ఈ లెక్కన ఒక మోనో ట్రాకుకు (ఎడమ, కుడి తేడా లేని ఒక్క శబ్ద వరుసకు) నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు. నాలుగు నిమిషాల పాటకు పది ట్రాకులైతే 350 మెగాబైట్లలోపే. చోటు సమస్య కాదు కాబట్టి ప్రతి పాటకు వేరే ఫోల్డరు పెట్టి, సాయంత్రానికి మరో డిస్కులోకి నకలు తీయండి.

రికార్డు చేసేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు ఉంచండి, ఆలస్యం 2.7 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. ఇంటర్‌ఫేస్ దాటి రావడానికి మరికొంత కలిసినా చెవికి తెలియదు. మిక్సింగ్‌లో 1024కు పెంచేయండి, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

5. రికార్డింగ్

వరుస ఇలా పెట్టుకోండి: తాత్కాలిక గొంతు, లయ వాద్యాలు, హార్మోనియం వంటివి, చివరికి అసలు గొంతు. అన్నింటికీ స్థాయి గట్టి దెబ్బ దగ్గర కూడా మైనస్ 10 డెసిబెల్ దాటకుండా చూడండి. 24 బిట్‌లో తక్కువ స్థాయిలో రికార్డు చేయడం వల్ల నష్టం లేదు. ఎర్రగీత (సున్నా) తాకితే మాత్రం ఆ టేకు (ఒకసారి తీసిన రికార్డు) పోయినట్టే.

డప్పు చిన్న గదిలో వద్దు. గోడల మధ్య అది మైకునూ మనుషులనూ కూడా చెవుడు పట్టిస్తుంది. వరండాలోనో పెరట్లోనో, మూడు నాలుగు అడుగుల దూరంలో, డైనమిక్ మైకును డప్పు మధ్యకు కాకుండా అంచు వైపు కాస్త ఒంపి పెట్టండి. మంట దగ్గర కాచాక డప్పు మోత క్రమంగా దిగిపోతుంది, వానాకాలంలో మరీ త్వరగా. పల్లవి ఒక మోతలో, రెండో చరణం ఇంకో మోతలో వస్తే అతకదు. పూర్తి పాట ఒక్క కాపులో వాయించేలా చూసుకోండి, మళ్లీ తీయాలంటే మళ్లీ కాచాకే. వాయించేవారికి ఆ పని మనకన్నా బాగా తెలుసు. మనం చేయాల్సింది అందుకు వ్యవధి ఇవ్వడం.

హార్మోనియానికి మైకును రెండడుగుల ఎత్తులో, బెల్లోస్ (గాలితిత్తి) చప్పుడు పడకుండా ముందువైపు నుంచి పెట్టండి. మృదంగానికి ఒక్క మైకే ఉంటే మధ్యన, అడుగున్నర పైనుంచి. రెండు మైకులతో రెండు వైపులా తీస్తే ఒకదాని పోలారిటీ (తరంగంలోని ప్లస్, మైనస్‌లు) తిప్పి చూడండి, ఎడమ మోత ఏ అమరికలో నిండుగా ఉందో అదే ఉంచండి.

గొంతుకు మైకు జానెడు దూరంలో ఉండాలి, పాప్ ఫిల్టర్ మధ్యలో. ప, ఫ, బ, భ అక్షరాలకు నోటి నుంచి గాలి సూటిగా వస్తుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తులో పెట్టి కిందికి వంచితే ఆ గాలి దాని కిందనుంచి పోతుంది. హెడ్‌ఫోన్‌లో ఒక చెవి తీసి పాడమనండి, తన గొంతు తనకు వినిపిస్తే శ్రుతి నిలుస్తుంది. లైను లైనుగా ముక్కలు తీయవద్దు. పూర్తి పాట మూడు నాలుగు సార్లు పాడించి, తర్వాత మేలైన భాగాలు ఏరుకోండి. ముక్కలుగా పాడిన పాటలో భావం కూడా ముక్కలుగానే ఉంటుంది.

పెళ్లి పాటలు పాడే పెద్దావిడలను రికార్డు చేయడం వేరే విద్య. వాళ్ల తలలకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే పాట బిగుసుకుపోతుంది. నలుగురినీ చాప మీద అర్ధచంద్రంగా కూర్చోబెట్టి, నాలుగడుగుల దూరంలో ఒక్క మైకు పెట్టండి. ముందు పాడే ఆవిడకు మాత్రం ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌తో శ్రుతి ఇవ్వండి. గొంతు పెద్దదైన ఆవిడను వెనక్కి జరపాలంటే ‘మీ గొంతు ఎక్కువైంది’ అనకండి. ‘పిన్నీ, ఫ్యాను లేదు కదా, కాస్త కిటికీ పక్కకు జరగండి’ అంటే సరిపోతుంది. మైకు ముందు నుంచే ఆన్‌లో ఉంచండి. అసలు పాట కంటే మొదటి సరదా పాటే చాలాసార్లు బాగా వస్తుంది.

6. ఏరడం, కోయడం

టేకుల నుంచి మేలైన చరణాలు ఎంచి అతికించండి. అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ రెండోది పెరగడం) ఇస్తే ‘టప్’ అనే చప్పుడు రాదు. ఊపిరి చప్పుళ్లను తీసేయవద్దు, కాస్త తగ్గించండి. ఊపిరి లేని గొంతు యంత్రంలా ఉంటుంది.

ఆటోమేటిక్ శ్రుతి సవరణను మన పాట మీద గుడ్డిగా వేస్తే గమకాలు మెట్లలాగా తెగిపోతాయి. ఒకటి రెండు స్వరాలు జారితే వాటినే చేత్తో సరిచేయండి. అంతకుమించి జారితే మళ్లీ పాడించడమే దారి.

7. మిక్సింగ్

మిక్సింగ్ అంటే ట్రాకులన్నిటినీ ఒక్క పాటగా కలపడం. అన్ని ఫేడర్లూ (ట్రాకుల స్థాయి పెంచి తగ్గించే మీటలు) కిందికి దించండి. గొంతును ముందు పైకి తెచ్చి, దాని చుట్టూ ఒక్కొక్కటే కలపండి. చాలామంది డ్రమ్స్‌తో మొదలుపెడతారు, పాశ్చాత్య నృత్య సంగీతానికి అది సరే. మన పాటకు గొంతే పునాది. మొదటి గంట మోనోలో, పక్క గదివాళ్లతో మాట్లాడుకోగలిగినంత తక్కువ శబ్దంలో పని చేయండి.

ఈక్వలైజర్‌తో (ఏ పౌనఃపున్యం ఎంత ఉండాలో సర్దే సాధనం) గొంతుపై 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేయండి. 250 నుంచి 400 మధ్య మసకగా ఉంటే రెండు మూడు డెసిబెల్ తగ్గించండి. హార్మోనియం, గొంతు ఒకే ప్రాంతంలో ఒరుసుకుంటాయి. గొంతును పెంచే ముందు హార్మోనియంలో 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్ తగ్గించి చూడండి, హల్లులు ఒక్కసారిగా తేటపడతాయి. స, శ, చ చెవిని గుచ్చితే డీ-ఎస్సర్‌ను (ఆ పదును తగ్గించే సాధనం) 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య వెతికి పెట్టండి. కంప్రెసర్ (గట్టి చోట్లను అణిచి స్థాయిని సమం చేసే సాధనం) 3:1 నిష్పత్తిలో, గట్టి చోట్ల నాలుగైదు డెసిబెల్ తగ్గేలా ఉంటే చాలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని, ఎక్కువమంది వదిలేసే పని: ప్రతి పాదం చివరను చేత్తో పైకి లేపడం. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. వచ్చాడా రాలేదా, ఉంటుందా పోతుందా అన్నది ఆ చివరి మాటలోనే తేలుతుంది. గాయకుడి ఊపిరి అయిపోయేదీ సరిగ్గా అక్కడే. కంప్రెసర్ దీన్ని పూర్తిగా పట్టుకోలేదు. వాల్యూమ్ ఆటోమేషన్ (పాట పొడవునా స్థాయి మార్చుకునే గీత) తెరిచి, పాదాంతంలోని మాటలను ఒకటి నుంచి మూడు డెసిబెల్ దాకా లేపుతూ పాట మొత్తం నడవండి. ఆ తర్వాత సాహిత్యం తెలియని మనిషికి వినిపించి, ఏం వినిపించిందో చెప్పమనండి. తడబడిన చోటికి తిరిగి వెళ్లండి.

రివర్బ్‌ను (ప్రతిధ్వని ప్రభావం) ట్రాకు మీద నేరుగా వేయకుండా వేరే సెండ్‌లో (ట్రాకు నకలు వెళ్లే పక్క దారి) పెట్టండి. ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) 30 మిల్లీసెకన్లు ఇస్తే హల్లు ముందు తేటగా వినబడి, ప్రతిధ్వని తర్వాత వస్తుంది. నిడివి సెకనున్నర దాటనివ్వకండి. రివర్బ్ వినిపిస్తోందని తెలిసిన చోట నుంచి కొంచెం తగ్గించి ఆపండి. డిలే (అదే శబ్దం కాస్త ఆగి మళ్లీ వినిపించడం) కావాలంటే 60,000ను వేగంతో భాగించండి: నిమిషానికి 96 దెబ్బలైతే ఒక దెబ్బకు 625 మిల్లీసెకన్లు.

గొంతు, మృదంగం మధ్యలో ఉంచండి. హార్మోనియం కాస్త ఎడమకు, చేతి తాళాలు కుడికి, బృంద గొంతులు రెండు పక్కలకూ పంచండి. చివరగా ఫోను స్పీకరులో వినండి, ఎందుకంటే మీ శ్రోతలు ఎక్కువమంది వినేది అందులోనే. డప్పు మోత అందులో మాయమైతే కింది స్థాయిని పెంచి ప్రయోజనం లేదు. పుల్ల తగిలే చప్పుడుండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా లేపండి.

8. చివరి ఫైలు, హక్కులు

లిమిటర్‌తో (శబ్దాన్ని హద్దు దాటనివ్వని సాధనం) ట్రూ పీక్ (తరంగపు అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా, మొత్తం స్థాయి మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే సగటు గట్టిదనపు కొలత) దగ్గర ఉంచండి. అంతకన్నా గట్టిగా ఇస్తే యూట్యూబ్ తానే తగ్గిస్తుంది, మీరు నలిపేసిన పదును మాత్రం తిరిగి రాదు. 24 బిట్ వేవ్ ఫైలు ప్రధాన ప్రతి, వాట్సాప్‌లో పంపడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3.

బాణీ, మాటలు మీవే అయితే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. తరతరాల జానపద పాటకు ఒకరు యజమాని కారు, కానీ దాని మీద ఎవరో చేసిన రికార్డింగ్‌కు, కొత్త సంగీత కూర్పుకు యజమాని ఉంటాడు. ఆ రికార్డు ముక్క తీసి వాడకండి. పాడిన పెద్దావిడలతో, వాయించినవారితో డబ్బు ఎలా పంచుకోవాలో, ఎవరి పేరు ఎలా వేయాలో విడుదలకు ముందే కాగితం మీద రాసుకోండి. తెలుగులోనో ఒడియాలోనో, వారు చదవగలిగిన భాషలో రాయండి.

విడుదలయ్యాక ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి, ప్రభావాలు లేకుండా వేరువేరు వేవ్ ఫైళ్లుగా తీసి దాచండి. శ్రుతి, వేగం, తాళం, హార్మోనియం ఎన్ని సెంట్లు తేడాగా ఉందో ఒక టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డరులో పెట్టండి. వచ్చే ఏడాది ఎవరైనా వేణువు కలుపుదామని వస్తే అడిగే మొదటి నాలుగు ప్రశ్నలూ అవే.